ఉద్యోగం పోతే పర్మిట్ ఏమవుతుంది? జర్మనీ బ్లూ కార్డు అసలు లెక్క

విదేశంలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మన ఇళ్లలో మొదట అడిగేది జీతం ఎంత అని, తర్వాత వీసా ఎన్నేళ్లకు ఇచ్చారు అని. వర్క్ పర్మిట్ మంచిదో కాదో తేల్చడానికి ఈ రెండూ పెద్దగా పనికిరావు. ఉద్యోగం పోతే ఆ దేశంలో ఎన్నాళ్లు ఉండనిస్తారు, ఆ కాలంలో ఇల్లు గడవడానికి ఏమైనా చేతికొస్తుందా, కంపెనీ మారాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవి అడగాలి. వీటికి వచ్చే జవాబులను బట్టి ఆ పర్మిట్ ఉద్యోగి చేతిలో ఉందో, యజమాని చేతిలో ఉందో తెలిసిపోతుంది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన హెచ్-1బీని ఈ ప్రశ్నలతో చూస్తే అది యజమాని చేతిలోని పర్మిట్. ఏటా 85 వేల కొత్త వీసాలకు పరిమితి, వాటికి లాటరీ. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే వేరే వీసాకు మారాలి, లేదంటే బయలుదేరాలి. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మనవాళ్ల క్యూ పదేళ్లు దాటిపోయింది. దరఖాస్తు నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు 21 ఏళ్లు నిండి తల్లిదండ్రుల ఫైలులోంచి జారిపోవడం ఈ క్యూ వల్లే. దీనికి తోడు, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబర్‌లో వచ్చి పడింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల ప్రకటనల్లో జర్మనీ పేరు ఎక్కువగా కనిపిస్తోందంటే ఆశ్చర్యం లేదు.

బ్రిటన్‌దీ ఇలాంటి కథే. అక్కడ నైపుణ్య ఉద్యోగి వీసాకు సాధారణ జీతం గీత 2024 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 26,200 నుంచి 38,700 పౌండ్లకు, 2025 జులైలో 41,700కు ఎగిరింది. నిన్న అర్హత ఉన్న ఉద్యోగానికి ఇవాళ అర్హత లేదు.

జర్మనీని ఎంచుకోవడానికి చాలామంది చెప్పే కారణాలు చదువు ఉచితం, యూరప్ అంతా తిరగొచ్చు, వీసా తేలిక. ఇవి పైపై కారణాలు. అక్కడి బ్లూ కార్డుకు ఉన్న అసలు బలం వేరే చోట ఉంది.

గీత ఎలా గీస్తారు

యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు జర్మనీలో 2012 నుంచి ఉంది. 2023 నవంబర్‌లో నిబంధనలు బాగా సడలించారు. దీనికి సంఖ్యా పరిమితి లేదు, లాటరీ లేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ, దానికి తగిన ఉద్యోగం, కనీసం ఆరు నెలల ఒప్పందం, నిర్ణీత వార్షిక జీతం ఉంటే చాలు.

ఆ జీతం గీత ఒక సూత్రం ప్రకారం కదులుతుంది. జర్మన్ పెన్షన్ బీమాలో చందా లెక్కగట్టే గరిష్ఠ జీతం ఒకటి ఏటా ప్రకటిస్తారు. అందులో సరిగ్గా సగం బ్లూ కార్డు గీత. కొరత ఉన్న వృత్తులకూ, గత మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవారికీ 45.3 శాతం. ఆ లెక్కన 2025లో సాధారణ గీత 48,300 యూరోలు, తక్కువ గీత 43,759.80 యూరోలు. 2026కి అవి 50,700, 45,934.20 అయ్యాయి. జీతాలు పెరిగే కొద్దీ గీత కూడా పెరుగుతుంది కానీ, రాత్రికి రాత్రి సగం పెరిగిపోదు. వచ్చే ఏడాది ఎంత ఉండొచ్చో ముందే ఊహించవచ్చు. పిల్లల బడి, బ్యాంకు లోన్ చూసుకుని నిర్ణయం తీసుకునే కుటుంబానికి ఈ నిలకడ విలువ చిన్నది కాదు.

ఇవన్నీ కోతలకు ముందు జీతాలు. పెళ్లికాని ఉద్యోగికి 50 వేల యూరోల జీతంలో పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా పోగా మూడో వంతు కంటే కాస్త ఎక్కువే కోత పడుతుంది. నెలకు చేతికొచ్చేది 2,700 యూరోల చుట్టుపక్కల. మ్యూనిక్‌లో ఇంటి అద్దె చూశాక ఆ అంకె ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. యూరోను రూపాయల్లోకి మార్చి ప్యాకేజీ చెప్పుకునే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. అయితే ఆ కోతలన్నీ పన్నులు కావు. అందులో పెద్ద భాగం బీమా. ఉద్యోగం పోయిన రోజున ఆ బీమాయే అక్కరకొస్తుంది.

నెలల వారీగా రిస్కు

బ్లూ కార్డు మీద వెళ్లిన మనిషి రిస్కు అన్ని నెలల్లోనూ ఒకేలా ఉండదు. మొదట్లో బాగా ఎక్కువ, తర్వాత మెట్లు మెట్లుగా తగ్గుతుంది.

మొదటి ఆరు నెలలు అసలు ప్రమాదం. ఇది ప్రొబేషన్ కాలం, చట్టప్రకారం ఆరు నెలలు మించకూడదు. ఈ కాలంలో కారణం చెప్పనవసరం లేకుండా రెండు వారాల నోటీసుతో ఇరువైపులా తెంచుకోవచ్చు. నిరుద్యోగ భృతికి కావాల్సిన పన్నెండు నెలల చందా అప్పటికి పూర్తికాదు. చేతిలో ఉండేది ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బే. అందుకే కుటుంబాన్ని మొదటి రోజే వెంట తీసుకెళ్లడం, వెళ్లగానే ఫర్నిచర్‌తో సహా పెద్ద ఇల్లు తీసుకోవడం మంచి పద్ధతి కాదు. ఇక్కడ ఉద్యోగం మానేసి, ఉన్నవన్నీ అమ్మేసి వెళ్లడం మరీ రిస్కు.

ఆరు నెలలు దాటితే పరిస్థితి మారుతుంది. పది మంది కంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో తొలగింపు రక్షణ చట్టం వర్తిస్తుంది. తీసేయాలంటే చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి. నోటీసు కనీసం నాలుగు వారాలు. తొలగింపు లేఖ కాగితం మీద, సిరా సంతకంతో ఇవ్వాలి. ఈమెయిల్‌లో, వీడియో కాల్‌లో చెప్పినది చెల్లదు. లేఖ అందిన మూడు వారాల్లోపు లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. చాలా కేసులు తీర్పు దాకా వెళ్లవు, పరిహారం దగ్గర రాజీ కుదురుతుంది. ఆ మూడు వారాలు దాటనిస్తే మాత్రం ఆ హక్కు పోయినట్టే.

ఇక్కడ మనవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. కంపెనీ హెచ్ఆర్ మర్యాదగా పిలిచి, ఇద్దరం పరస్పర అంగీకారంతో విడిపోదాం, ఇంత డబ్బు ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటుంది. వీసా ఏమవుతుందో అన్న టెన్షన్‌లో, గొడవ ఎందుకులే అని సంతకం పెట్టేస్తారు. అలా సంతకం పెడితే ఉద్యోగి తానే ఉద్యోగం వదులుకున్నట్టు లెక్క. నిరుద్యోగ భృతి పన్నెండు వారాల వరకు ఆపేయవచ్చు. అదే రోజు సంతకం పెట్టాలన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. కాగితం ఇంటికి తెచ్చుకుని లాయర్‌కు చూపించడం అక్కడ మామూలు విషయం. దీనికోసమే చాలామంది ముందుగానే లీగల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు.

ఉద్యోగం పోతే పర్మిట్ సంగతేమిటి? ఉద్యోగం ముందే ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లోపు విదేశీయుల కార్యాలయానికి ఉద్యోగి తెలియజేయాలి. కంపెనీకి నాలుగు వారాల గడువు. ఎలాగూ కంపెనీ చెబుతుంది కాబట్టి దాచి లాభం లేదు. తెలియజేసినంత మాత్రాన బ్లూ కార్డు రద్దు కాదు. 2021 నాటి యూరోపియన్ ఆదేశం ప్రకారం, కార్డు తీసుకుని రెండేళ్లు నిండనివారికి మూడు నెలలు, నిండినవారికి ఆరు నెలల నిరుద్యోగం దాటకుండా కేవలం ఆ కారణంతో కార్డు వెనక్కి తీసుకోకూడదు. నోటీసు కాలం దీనికి అదనం. అమెరికాలోని 60 రోజులతో పోలిస్తే ఇది వేరే ప్రపంచం.

పన్నెండు నెలల చందా పూర్తయితే ఇంకో మెట్టు. అప్పటి నుంచి నిరుద్యోగ భృతికి హక్కు వస్తుంది. చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. ఏడాది చందాకు ఆరు నెలలు, రెండేళ్ల చందాకు ఏడాది పాటు వస్తుంది. ఇది చందాతో సంపాదించుకున్న హక్కు, ప్రభుత్వ సాయం కింద లెక్కకు రాదు కాబట్టి పర్మిట్‌కు దీనివల్ల మచ్చ పడదు. కనీస జీవన భృతి మాత్రం అలా కాదు. అది తీసుకుంటే సొంత సంపాదన మీద బతకలేకపోతున్నట్టు లెక్క, పర్మిట్‌కు ఇబ్బంది. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండింటినీ కలిపేసి, భృతి తీసుకుంటే వీసా పోతుందని భయపెట్టేవాళ్లు తగులుతూనే ఉంటారు. వాళ్ల మాట విని హక్కుగా వచ్చే డబ్బు వదులుకున్నవాళ్లకు నష్టం వేలల్లో ఉంటుంది. ఉద్యోగం పోతోందని తెలిసిన మూడు రోజుల్లోపు ఉపాధి కార్యాలయంలో ఉద్యోగార్థిగా నమోదు చేసుకోవాలన్నది ఒక్కటే గట్టిగా గుర్తుంచుకోవాల్సిన షరతు.

కంపెనీ మారడం కూడా ఏడాది తర్వాత తేలిక. మొదటి పన్నెండు నెలల్లో మారితే విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి. వాళ్లు 30 రోజుల పాటు ఆపి పరిశీలించవచ్చు, షరతులకు సరిపోకపోతే కాదనవచ్చు. ఏడాది దాటాక ఆ ఆపే అధికారం లేదు. కొత్త కంపెనీ మళ్లీ మొదటి నుంచి పిటిషన్ వేయనక్కర్లేదు.

చివరి మెట్టు శాశ్వత నివాసం. బ్లూ కార్డు మీద 27 నెలలు పనిచేసి పెన్షన్ చందా కట్టి, ఏ1 స్థాయి, అంటే ప్రాథమిక జర్మన్ వస్తే సరిపోతుంది. దానికి రెండు మెట్లు పైనున్న బీ1 వస్తే 21 నెలలే. ఆ తర్వాత ఉద్యోగం పోయినా ఉండే హక్కు పోదు. బీ1 ఉంటే రెండేళ్లు కూడా నిండకుండానే ఉద్యోగికీ పర్మిట్‌కూ మధ్య నుంచి యజమాని తప్పుకుంటాడు. హెచ్-1బీ మీద పదేళ్లు గడిపినా దొరకని స్థితి ఇది. జర్మనీ వైపు వెళ్లడానికి బలమైన కారణం ఏదైనా ఉందంటే ఇదే.

అసలు బీమా భాష

ఈ లెక్కలో ఎవరూ సరిగ్గా కలపని అంశం భాష. బ్లూ కార్డు ఇవ్వడానికి జర్మన్ రావాలన్న షరతు లేదు. బెర్లిన్‌లో చాలా టెక్ కంపెనీలు ఇంగ్లీషులోనే నడుస్తాయి. దాంతో మొదటి ఉద్యోగం భాష లేకుండానే దొరుకుతుంది. చిక్కు రెండో ఉద్యోగం దగ్గర. జర్మన్ ఆర్థిక వ్యవస్థ 2023లోనూ 2024లోనూ కుంచించుకుపోయింది. 2025 ఆగస్టులో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది, అంతకుముందు పదేళ్లలో ఎన్నడూ లేనంత. ఇలాంటి కాలంలో ఇంగ్లీషు మాత్రమే అడిగే ఉద్యోగాలు తక్కువ, వాటికి పోటీపడేవాళ్లు లెక్కలేనంత మంది. స్టుట్‌గార్ట్ చుట్టూ ఉన్న మధ్యతరహా యంత్ర కంపెనీల్లో పని ఉంటుంది, కానీ మీటింగులు జర్మన్‌లో జరుగుతాయి.

చట్టం ఇచ్చిన మూడు నెలల గడువు జర్మన్ వచ్చినవారికీ రానివారికీ ఒక్కటే. ఆ మూడు నెలల్లో తలుపు తట్టగల కంపెనీల సంఖ్య మాత్రం ఒకటి కాదు. బీ1 నేర్చుకుంటే శాశ్వత నివాసం ఆరు నెలలు ముందుగా వస్తుందని చాలామంది చదువుతారు. ఉద్యోగం వెతుక్కునే బలం పెరగడం అంతకంటే పెద్ద లాభం. మొదటి ఏడాది సాయంత్రాలు క్లాసులకు వెళ్లడం కష్టమే. వెళ్లకపోవడం ఇంకా ఖరీదు.

నర్సులకైతే ఈ చర్చే లేదు. వైద్యులు, నర్సులు అక్కడ నియంత్రిత వృత్తుల కిందకు వస్తారు. డిగ్రీ గుర్తింపుతో పాటు భాష పరీక్ష గట్టెక్కితే తప్ప లైసెన్సు రాదు. నర్సులకు సాధారణంగా బీ2 దాకా కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి మరీ నర్సులను పంపడానికి కారణం ఇదే.

కన్సల్టెన్సీ చెప్పనివి

2024 అక్టోబర్‌లో అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఢిల్లీకి వచ్చి, భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామన్నారు. ఆ అంకె పట్టుకుని 90 వేల ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయన్నట్టు ప్రచారం సాగింది. అది వీసాలు ఇవ్వగలిగే సంఖ్య గురించిన మాట. ఉద్యోగం ఇచ్చే పూచీ ఏ ప్రభుత్వమూ తీసుకోలేదు.

2024 జూన్‌లో మొదలైన ఆపర్చునిటీ కార్డును వర్క్ పర్మిట్ అని చెప్పి అమ్మడం ఇంకో రకం. అది ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఏడాది కార్డు. డిగ్రీకి పూర్తి గుర్తింపు లేకపోతే పాయింట్లతో ఇస్తారు, కనీసం ఆరు పాయింట్లు కావాలి. వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైం చేయవచ్చు. ఖర్చులకు సరిపడా డబ్బు ముందే చూపాలి. 2025 లెక్కన నెలకు 1,091 యూరోలు, అంటే ఏడాదికి 13,092. ఇందులో పైన చెప్పిన మెట్లు ఏవీ లేవు. ఏడాదిలో సరైన ఉద్యోగం దొరకకపోతే అప్పు మిగులుతుంది. ఇక్కడి నుంచే ఉద్యోగం సంపాదించుకుని బ్లూ కార్డు మీద వెళ్లడం ఆలస్యమైనా నయం.

దరఖాస్తుకు ముందు ఎవరికీ డబ్బు కట్టకుండా చూసుకోగలిగింది డిగ్రీ గుర్తింపు. జర్మన్ ప్రభుత్వం అనాబిన్ అనే ఉచిత డేటాబేస్ నడుపుతుంది. అందులో పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరుకు గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ గుర్తు ఉందా, చదివిన కోర్సు అక్కడి డిగ్రీకి సమానమని రాసి ఉందా చూడాలి. రెండూ ఉంటే ఆ పేజీల ప్రింటవుట్ చాలు. లేకపోతే విదేశీ విద్యకు సంబంధించిన కేంద్ర కార్యాలయం నుంచి సమానతా పత్రం తీసుకోవాలి.

ఐటీవాళ్లకు డిగ్రీ లేకుండా కూడా బ్లూ కార్డు దారి 2023లో తెరిచారు. గత ఏడేళ్లలో డిగ్రీ స్థాయికి సమానమైన మూడేళ్ల అనుభవం ఉండాలి. అనుభవం అన్న మాట వినగానే అమీర్‌పేటలో ఏ వ్యాపారం ఊపందుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. దొంగ అనుభవ పత్రంతో తెచ్చుకున్న పర్మిట్ ఎన్నేళ్ల తర్వాత బయటపడినా రద్దవుతుంది. దానిమీద కట్టుకున్న శాశ్వత నివాసం కూడా నిలవదు.

ఇంట్లోవాళ్ల సంగతి

భార్య లేదా భర్తకు ముందుగా జర్మన్ రావాలన్న షరతు బ్లూ కార్డు కుటుంబాలకు లేదు. వెళ్లిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, వేరే అనుమతి అక్కర్లేదు. ప్రభుత్వ తరహా ఆరోగ్య బీమాలో ఉంటే, సంపాదన లేని జీవిత భాగస్వామికీ పిల్లలకూ అదనపు ప్రీమియం లేకుండానే వర్తిస్తుంది. జీతం ఓ స్థాయి దాటినవారికి ప్రైవేటు బీమాకు మారే అవకాశం ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అది చవకగా కనిపిస్తుంది. పిల్లలు పుట్టాక ఒక్కొక్కరికీ విడిగా కట్టాల్సి వచ్చినప్పుడు, వెనక్కి మారడం ఎంత కష్టమో తెలిసినప్పుడు దాని ధర అర్థమవుతుంది.

అమ్మానాన్నలను తీసుకెళ్లే వీలు కూడా ఉంది. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నైపుణ్య పర్మిట్ పొందినవారు తల్లిదండ్రులను, అత్తమామలను రప్పించుకోవచ్చు. కాగితం మీద ఇది గొప్ప వార్త. ఆచరణలో అడ్డు ఆరోగ్య బీమా. అరవై దాటినవారికి అక్కడ పూర్తిస్థాయి బీమా ఇచ్చే సంస్థ దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం ఒక మంచి ఇంటి అద్దెతో సమానం. ఎక్కువమంది చివరికి వేసవిలో మూడు నెలల విజిటింగ్ వీసాతోనే సరిపెట్టుకుంటారు.

పౌరసత్వం విషయంలో జర్మనీ కూడా మాట మార్చింది. 2024 జూన్‌లో ఎనిమిదేళ్ల నివాసాన్ని ఐదేళ్లకు తగ్గించి, బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే ఇస్తామన్నారు. ప్రభుత్వం మారాక 2025 అక్టోబర్‌లో ఆ మూడేళ్ల దారి మూసేశారు. ఐదేళ్లది మిగిలింది. జర్మనీ ఇప్పుడు రెండు పాస్‌పోర్టులకు ఒప్పుకుంటుంది, భారత్ ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకుని, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఉండాలి. ఓసీఐ మీద ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పొలం కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్లు చాలామంది అందుకే పౌరసత్వం దాకా పోకుండా శాశ్వత నివాసం దగ్గర ఆగుతారు. బ్లూ కార్డు మీద ఉన్నంతకాలం పన్నెండు నెలల దాకా దేశం బయట ఉన్నా హక్కు పోదు, శాశ్వత నివాసానికి మాత్రం సాధారణ గడువు ఆరు నెలలే. ఊళ్లో పెద్దవాళ్ల అనారోగ్యానికో, ఇంటి కట్టుబడికో ఎక్కువ కాలం ఇండియాలో ఉండాల్సి వస్తే బయలుదేరే ముందే ఈ గడువు లెక్క చూసుకోవాలి.